‘ఎలా తెలుసు?’

మా సార్ దగ్గర రెండు పెన్నులుండేవి. నల్లదానితో సంతకాలు పెట్టేవారు. ఎర్రదాన్ని మా ఫీల్డ్ డైరీల కోసం దాచుకునేవారు. డైరీలో ఏ వాక్యాన్నీ కొట్టేసేవారు కారు. నమ్మకం కుదరని చోట మార్జిన్‌లో “ఎలా తెలుసు?” అని రాసి, కింద చిన్న గీత గీసి ఊరుకునేవారు.

ఆ రెండు ముక్కలు మొదటిసారి నా కాగితం మీద పడింది 1994లో, ఎం.ఏ. సోషియాలజీలో చేరిన రెండో నెలలో. క్యాంపస్‌కు దగ్గర్లో ఉన్న ఒక ఊరు చూసి రమ్మని పంపారు. “ఈ ఊళ్లో అందరూ కలిసిమెలిసి ఉంటారు” అని మొదలుపెట్టాను. డిగ్రీలో అలా రాస్తే మార్కులు పడేవి. సార్ నన్ను గదిలోకి పిలిచి కూర్చోబెట్టారు. “అందరూ అంటే ఎవరమ్మా? ఎవరెవరితో మాట్లాడావు? ఎక్కడ కూర్చుని మాట్లాడావు?” నేను మాట్లాడింది ముగ్గురితో. ముగ్గురూ మగవాళ్లే, ఒకే వీధివాళ్లు, రచ్చబండ మీద కూర్చున్నవాళ్లు. చెబుతుంటే నాకే అర్థమైంది. ఆయన ఇంకేమీ అనలేదు. డైరీ చేతికిచ్చి మళ్లీ వెళ్లి రమ్మన్నారు.

పూర్వ విద్యార్థుల సభకు తెస్తున్న సంచిక కోసం మా 1994–96 బ్యాచ్ సాధించినవేమిటో రాసి పంపమని కమిటీవారు అడిగారు. పేర్లు, పతకాలు, ఉద్యోగాల జాబితా విడిగా పంపుతున్నాను. ఆ జాబితాలోకి ఎక్కనివి ఇక్కడ రాస్తున్నాను. మా డిపార్ట్‌మెంటు చదువు ఎలా సాగేదో వాటిలోనే బాగా తెలుస్తుంది.

శనివారం మధ్యాహ్నం మూడింటికి సెమినార్. నోటీసు బోర్డు మీద గురువారమే పేరు, అంశం పడేవి. ఒక్కొక్కరికి ఏడాదికి రెండు పేపర్లు. టీచర్లందరూ ఆఖరి బెంచీలో కూర్చునేవారు. ముందు ప్రశ్న ఫస్టియర్ వాళ్లే అడగాలన్నది నియమం. హెచ్‌ఓడీ మేడమ్ దాన్ని ఎంత గట్టిగా పాటించేవారంటే, ఎవరూ నోరు విప్పకపోతే పది నిమిషాలైనా హాలంతా నిశ్శబ్దంగా కూర్చోవలసిందే.

ఒక శనివారం మా సీనియర్ ఒకరు ఫ్రెంచ్ సోషియాలజిస్టు దుర్ఖేమ్ 1897లో ఆత్మహత్యల మీద వెలువరించిన అధ్యయనం గురించి పేపరు చదివాడు. ఆత్మహత్య ఎంతో వ్యక్తిగతమైన చర్య అనుకుంటాం, కానీ దాని రేటు మతాన్ని బట్టి, పెళ్లిని బట్టి, సమాజపు కట్టుబాటును బట్టి మారుతుందని దుర్ఖేమ్ ప్రభుత్వ లెక్కల ఆధారంగా చూపాడు. సీనియర్ పేపరు చాలా బాగా చదివాడు. మా క్లాసులో ఎప్పుడూ మాట్లాడని కుర్రాడొకడు అప్పుడు లేచి నిలబడ్డాడు. “ఆ రికార్డు రాసేదెవరు సార్?” అన్నాడు. వాళ్ల నాన్న పోలీసు స్టేషన్లో రైటరు. పంచనామా ఎలా రాస్తారో, కుటుంబం పరువు పోతుందని కడుపునొప్పి అనో కాలుజారి పడిందనో ఎలా రాయించుకుంటారో చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాడు. పరువు భయం ఎక్కువున్న చోట లెక్క తక్కువ పడదా, అని వాడి అనుమానం. హాల్లో ఎవరూ కదల్లేదు. ఆఖరి బెంచీ నుంచి సార్ నడుచుకుంటూ ముందుకొచ్చారు. సరిగ్గా ఈ ప్రశ్న మీదే జాక్ డగ్లస్ అనే అమెరికన్ సోషియాలజిస్టు 1967లో ఒక పుస్తకమే రాశాడని చెప్పి, ఆ కుర్రాణ్ని లైబ్రరీకి వెంటబెట్టుకుని వెళ్లారు. తన ఇంట్లో విన్న సంగతికి సిద్ధాంతంలో చోటుందని తెలిసిన రోజున వాడి ముఖం ఎలా ఉందో నాకు ఇప్పటికీ గుర్తే. ఆ తర్వాత చదువు ముగిసేదాకా వాడు ఒక్క శనివారం కూడా ప్రశ్న అడక్కుండా కూర్చోలేదు.

నా పేపరు శాంప్లింగ్ మీద, అంటే అందరినీ అడగకుండా కొందరిని ఎంచుకుని అడిగే పద్ధతి మీద. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల కథ చెప్పాను. ‘లిటరరీ డైజెస్ట్’ పత్రిక కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. ఇరవై లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటిని చూసి, రూజ్‌వెల్ట్ మీద పోటీచేసిన లాండన్ గెలుస్తాడంది. తీరా ఎన్నికలయ్యాక, 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్‌కు దక్కాయి. టెలిఫోన్లు, కార్లు ఉన్నవాళ్ల జాబితాల నుంచి పేర్లు తీసుకోవడం ఒక కారణం, జవాబు పంపినవాళ్లు పంపనివాళ్ల లాంటివాళ్లు కాకపోవడం ఇంకో కారణం. ఎంత పెద్ద శాంపిలైనా జాబితా వంకరైతే ఫలితం వంకరే అని బోర్డు మీద పెద్దక్షరాలతో రాశాను. చప్పట్లు కొట్టారు. ఏడాది తిరగక ముందే ఆ మాట నాకే ఎదురొచ్చింది. అది చెబుతాను.

1995 డిసెంబరులో పన్నెండు రోజుల ఫీల్డ్‌వర్క్ క్యాంపు. ఇరవై నాలుగు మందిమి, ఇద్దరిద్దరు ఒక జట్టు. ఊరి బడిలో బస. సైక్లోస్టైల్ చేసిన నాలుగు పేజీల షెడ్యూల్, అంటే ఇంటింటా అడగాల్సిన ప్రశ్నల పట్టిక. రాత్రి పూట డైరీ. డైరీ కాగితాల మధ్య కార్బన్ పెట్టి, బాల్‌పెన్ నొక్కి రాయాలి. ఒక ప్రతి మన దగ్గర, రెండోది ప్రతి రెండు రోజులకూ డిపార్ట్‌మెంటుకు. ఎందుకింత శ్రమ అని ఎవరో గొణిగితే, సార్ క్యాంపు రెండో రాత్రి సోషియాలజిస్టు ఎం.ఎన్. శ్రీనివాస్ కథ చెప్పారు. ఆయన 1948లో మైసూరు ప్రాంతంలో ఒక పల్లెలో ఉండి క్షేత్రపరిశోధన చేశారు. పద్దెనిమిదేళ్ల పాటు ఆ నోట్సును వర్గీకరించి సిద్ధం చేసుకుంటూ వచ్చారు. 1970 ఏప్రిల్‌లో స్టాన్‌ఫర్డ్‌లో ఆయన పనిచేస్తున్న కేంద్రానికి ఎవరో నిప్పుపెట్టారు. ఆ నోట్సు మూడు ప్రతులూ ఆ ఒక్కచోటే ఉండి కాలిపోయాయి. ఆ తర్వాత జ్ఞాపకం మీద ఆధారపడి రాసిన ‘ది రిమెంబర్డ్ విలేజ్’ 1976లో వచ్చింది. “అంత జ్ఞాపకం మీకుందా?” అని అడిగారు సార్. కార్బన్ గురించి మళ్లీ ఎవరూ మాట్లాడలేదు.

ఐదో రోజున మాకు పడిన ఇంట్లో ఒకావిడ అరుగు మీద కూర్చుని ఉంది. నలభై దాటి ఉంటుంది. షెడ్యూల్లో ఎనిమిదో ప్రశ్న, చేసే పని. “నేనేం పని చేస్తానమ్మా, ఇంట్లోనే ఉంటా” అంది. “పని: లేదు” అని రాసుకున్నాను. మిగతా ప్రశ్నలన్నీ అయ్యాయి. ఆ రాత్రి డైరీలో ఆ ఇంటి గురించి రాస్తూ, ఆవిడ మాట్లాడుతున్నంతసేపూ విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తూనే ఉందనీ, కాయను రాయి మీద నొక్కి పగలగొట్టే బొటనవేలికి గుడ్డ చుట్టుకుందనీ కూడా రాశాను. రెండు వాక్యాలూ ఒకే పేజీలో ఉన్నాయి. నాకు కనబడలేదు.

మర్నాడు డైరీ తిరిగొచ్చింది. “పని: లేదు” పక్కన ఎర్ర సిరా. ఈసారి రెండు ముక్కలతో ఆగలేదు. “ఎలా తెలుసు? ఆవిడ చేతులు ఏం చేస్తున్నాయి?”

నేనూ నా జట్టు మనిషీ మళ్లీ వెళ్లాం. ఏమీ అడగం, ఒక రోజంతా మీతో ఉంటాం అని చెప్పాం. నవ్వి ఒప్పుకుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు మేం వెళ్లేసరికే వాకిలి ఊడ్చి ఉంది. అరగంటకొకసారి రాసుకుంటూ పోయాం. నీళ్లు, పేడ ఎత్తడం, వంట, చేనికి వెళ్లి కలుపు, తిరిగొచ్చేటప్పుడు నెత్తి మీద గడ్డి మోపు, అత్తగారికి స్నానం, మళ్లీ కాయలు. ఒలిచిన గింజలు మర్నాడు ఇంకొకరింటికి కొలిచివ్వాలి. అంటే అది కూలి పని. రాత్రి పదికి గానీ ఆవిడ నడుం వాల్చలేదు. ఆ మధ్య ఎక్కడా “ఖాళీ” అని రాసుకునే అవసరం మాకు రాలేదు.

మర్నాటి సాయంత్రం క్యాంపులో చర్చంతా దీని మీదే. జనాభా లెక్కల్లో ఏడాదిలో 183 రోజులు, అంతకు మించి పనిచేస్తేనే ప్రధాన శ్రామికులు. సొంత ఇంటి చాకిరీ లెక్కలోకే రాదు. పొలంలోనూ కుటుంబ వ్యాపారంలోనూ జీతం లేకుండా చేసే పనిని కూడా అడగాలని 1991 సెన్సస్ ప్రశ్నలోనే స్పష్టంగా రాశారు. అయినా, “పని” అనే మాట వినగానే ఆవిడకు తన పని గుర్తురాలేదు. అడిగే మాటలోనే లోపముంటే జవాబు చెప్పినవాళ్లను తప్పుపట్టి లాభమేముంది?

నా జట్టు మనిషి ఆ ఒక్క రోజుతో ఆగలేదు. అదే తన డిజర్టేషన్ చేసుకుంది. ఒకే ఇంటికి ముందు షెడ్యూల్‌తో వెళ్లడం, తర్వాత రోజంతా కూర్చుని సమయం రాసుకోవడం, రెండూ పక్కపక్కన పెట్టి చూడడం. సెలవుల్లో ఒంటరిగా బస్సెక్కి వెళ్లి చేసింది. వైవాకు వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ గంటంబావు అడిగారు. చివర్లో, ఆ డైరీ కాపీలు తన విద్యార్థులకు చూపించడానికి ఇస్తారా అని మేడమ్‌ను అడిగారు. గోల్డ్ మెడల్ ఆమెకు రాలేదు, థియరీ పేపర్లలో మార్కులు తగ్గాయి. నన్నడిగితే మా బ్యాచ్ చేసిన పనుల్లో అన్నిటికంటే గట్టిది అదే.

ఇక నా జాబితా సంగతి. ఆ ఊరికి శాంపిల్ తీసిన బాధ్యత నాది. ఇంటి నంబర్ల పట్టిక తెచ్చుకుని ప్రతి ఐదో ఇల్లు ఎంచాను. పద్ధతి ప్రకారమే చేశాను. క్యాంపు ముగిసే ముందు రోజు, తేలినవన్నీ ఊరివాళ్లకు చదివి వినిపించాలన్నది మా డిపార్ట్‌మెంటు ఆనవాయితీ. బడి ముందు కూర్చోబెట్టి చదివాం. ఇన్ని కుటుంబాలు, ఇంతమందికి భూమి, ఇంతమందికి లేదు. వెనక నిలబడి వింటున్న పెద్దాయనొకరు అడిగారు, “సారూ, చెరువు అవతల మా ఇళ్లు ఇందులో ఏవి?” ప్రాజెక్టు ముంపులో ఊరు పోయి అక్కడికొచ్చి గుడిసెలు వేసుకున్న కుటుంబాలవి. ఇంటి నంబర్లు పడలేదు. పట్టికలో లేవు కాబట్టి నా ప్రతి ఐదో ఇంట్లోనూ లేవు. భూమి లేనివాళ్లు ఎక్కువగా ఉన్నదే అక్కడ.

సార్ నా వైపు చూడలేదు. ఆ పెద్దాయనకు నమస్కారం పెట్టి, “మాదే పొరపాటు, మళ్లీ వస్తాం” అన్నారు. ‘మాదే’ అన్నారు, గమనించండి. జనవరిలో నలుగురం వెళ్లి చెరువు అవతలి ఇళ్లన్నీ తిరిగాం. ఈసారి పట్టిక పట్టుకుని వెళ్లలేదు, నడిచి గుర్తులు పెట్టుకుంటూ మేమే పటం గీసుకున్నాం. తర్వాత రెండు నెలలు లైబ్రరీ బల్లల మీద పొడుగాటి కోడ్ షీట్లు పరచుకుని, నాలుగు నిలువు గీతలకు ఒక అడ్డగీత చొప్పున టాలీ వేసి, లెక్కలన్నీ మళ్లీ కట్టాం.

పరీక్షల విజయాలు క్లుప్తంగా చెబుతాను. లెక్చరర్ ఉద్యోగాలకు జాతీయ అర్హత పరీక్ష నెట్‌లో అప్పట్లో మూడో పేపరు వ్యాసాలు రాసే పేపరు. లైబ్రరీలో రోజూ సాయంత్రం ఒకరి జవాబు ఇంకొకరు దిద్దుకునేవాళ్లం, ఎర్ర సిరాతోనే. మా బ్యాచ్‌లో ఇద్దరికి పరిశోధన ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ వచ్చింది, ఇంకో ముగ్గురు లెక్చరర్ అర్హత సాధించారు. పంచనామా ప్రశ్న అడిగిన కుర్రాడు గ్రూప్-1 రాసి ఆఫీసరయ్యాడు. ఇండియన్ సోషియలాజికల్ సొసైటీ ఏటా జరిపే సదస్సులో మావాళ్లు ఇద్దరు పేపర్లు చదివారు. నేను డిగ్రీ కాలేజీలో సోషియాలజీ చెబుతూ ఇన్నేళ్లు గడిపాను.

2020 సెప్టెంబరులో ఒక రాత్రి నా జట్టు మనిషి ఫోన్ చేసింది. దేశమంతటా 2019 జనవరి నుంచి డిసెంబరు దాకా జరిగిన టైమ్ యూజ్ సర్వే, అంటే ఎవరు రోజులో ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో లెక్కగట్టే సర్వే, నివేదిక వచ్చింది. చదివి వినిపించింది. ఆరేళ్లు దాటినవాళ్లలో, ఇంట్లోవాళ్ల కోసం జీతం లేని ఇంటిపనిలో ఒక రోజున చేయి పెట్టేది ఆడవాళ్లలో 81.2 శాతం, మగవాళ్లలో 26.1 శాతం. ఆ పని చేసేవాళ్లలో ఆడవాళ్లు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు. దేశవ్యాప్తంగా ఇలాంటి సర్వే జరగడం అదే మొదటిసారి. అంతకు ముందు 1998–99లో ఆరు రాష్ట్రాల్లో ప్రయోగాత్మకంగా చేశారు. దానికీ మూడేళ్ల ముందే ఒక ఎం.ఏ. విద్యార్థిని అరుగు మీద కూర్చుని అరగంటలు లెక్కపెట్టింది. “గుడ్డ చుట్టుకున్న బొటనవేలు గుర్తుందా?” అంది. కాసేపు ఇద్దరికీ మాట రాలేదు.

కమిటీవారికి ఒక మనవి. క్యాంపు డైరీల కార్బన్ కాపీలు డిపార్ట్‌మెంటు లైబ్రరీలో ఎడమచేతి వైపు ఇనుప బీరువాలో ఉన్నాయి. నిరుడు వెళ్లినప్పుడు తెరిచి చూశాను. కార్బన్ అక్షరాలు వెలిసిపోతున్నాయి, కొన్ని పేజీలు ఒకదానికొకటి అంటుకున్నాయి. ఈ సభకు పోగయ్యే నిధిలోంచి ముందుగా వాటిని స్కాన్ చేయించండి. మా సార్ ఎర్ర సిరా పడింది అసలు ప్రతుల మీద. అవి మన మన ఇళ్లలో ఉన్నాయి. నా దగ్గరున్న రెండూ సభ రోజున తెస్తున్నాను. మీ దగ్గరున్నవి అటకల మీద వెతికి తీసుకురండి.