చివరి లాటు ఒక్కటే కలిసింది

పదకొండు దాటింది. నాన్న పడుకున్నాడో లేదో తెలియదు, గదిలో లైటు మాత్రం ఆరింది.

నాన్న తేజ మిరప లాట్ల జాబితా నా ల్యాప్‌టాప్‌లో ఉబుంటు (లినక్స్) వైపు ఉంటుంది. విండోస్ లోపలే లినక్స్‌ని నడిపించే డబ్ల్యూఎస్ఎల్‌లో. కోల్డ్ స్టోరేజీలో పెట్టినవి 214. అమ్మిన 153 నంబర్లూ నాన్న నోట్‌ప్యాడ్‌లో వరసకొకటి కొట్టి ఇచ్చాడు. మొదటి దాంట్లోంచి రెండోది తీసేసి మిగిలినవి చెప్పమని గ్రెప్‌ని (ఫైళ్ళలో వరసలు వెతికే కమాండు) అడిగితే 213 అంది. 61 రావాలి. ఒక్క లాటు తప్ప, అమ్మిన సరుకంతా అమ్మనట్టే.

"నా లెక్కే తప్పిందేమో అమ్మాయ్" అని నాన్న యార్డు చీటీల కట్ట విప్పి మొదటినుంచీ కూడటం మొదలెట్టాడు. అమ్మ రెండుసార్లు అన్నానికి పిలిచింది. లేవలేదు.

గంట వెతికాను. నంబర్లు కంటికి అచ్చం ఒకటే. చివరికి ఫైలు చూపించే క్యాట్ కమాండుకి, కనపడని గుర్తులూ చూపించమని పెద్ద ఏ తగిలించి చూస్తే, నాన్న ఫైల్లో ఆఖరిది తప్ప ప్రతి వరస చివరా టోపీ గుర్తు, పక్కన ఎమ్. విండోస్‌లో వరస ముగియడానికి రెండు సంకేతాలు, 13 (ఆ టోపీ, ఎమ్ ఇదే), 10. ఉబుంటు పద్ధతులు వచ్చిన యూనిక్స్‌కి 10 ఒక్కటే. ఆ 13 గ్రెప్‌కి నంబరులో భాగమైపోయింది, ఇక ఏదీ దేనితోనూ కలవదు. ఆఖరి నంబరు తర్వాత నాన్న ఎంటర్ కొట్టలేదు కాబట్టి అదొక్కటే కలిసింది. ఒకే కంప్యూటర్లో రెండు కాపురాలు, ఫైళ్ళు ఉమ్మడి, అలవాట్లు వేరు. తప్పు ఉందని కూడా చెప్పకుండా తప్పు లెక్క చూపించడమే నాకు మండిపోయింది. ఆ మంటలో అనేశాను: "నిన్ను నోట్‌ప్యాడ్‌లో ఎవరు కొట్టమన్నారు నాన్నా?"

ఏమీ అనలేదు. చీటీలకి రబ్బరు బ్యాండు వేసి లోపలికి వెళ్ళాడు.

ఆ 13 పేరు క్యారేజ్ రిటర్న్. పేరు చూడగానే గుంటూరు అరండల్‌పేటలో టైపు నేర్చుకున్న గది గుర్తొచ్చింది. పొద్దున్నే ఆరు గంటల బ్యాచి, వరసగా రెమింగ్టన్ మిషన్లు, లోయరు పరీక్షకి నిమిషానికి 30 మాటలు. మార్జిను దగ్గరికి రాగానే గంట, ఎడమ చేత్తో లీవరు ఒక్క తోపు. క్యారేజీ మొదటికొస్తుంది, కాగితం ఒక వరస పైకి జరుగుతుంది. మూల మిషను లీవరు పాడైంది. క్యారేజీ వచ్చేది, కాగితం కదిలేది కాదు. చూసుకోకుండా కొడితే వరస మీద వరస పడి నల్లటి చార అయ్యేది. ఆలస్యంగా వెళ్తే ఆ మిషనే దక్కేది, అందుకని నాన్న చీకటితోనే స్కూటరు మీద దింపేవాడు. క్లాసు అయ్యేదాకా ఎదురుగా టీ బడ్డీ దగ్గర నిలబడి, అక్కణ్ణుంచే యార్డుకి వెళ్ళేవాడు.

అదంతా తలుచుకున్నాక విండోస్ మీద కోపం నిలవలేదు. మొదటికి రావడం (13), కిందికి దిగడం (10) నిజంగానే రెండు పనులు, ఆ మూల మిషను రోజూ చూపించింది. 1963లో వచ్చిన టెలిటైప్ మోడల్ 33కీ (తీగ మీద వచ్చిన అక్షరాలు కాగితం మీద కొట్టే మిషను) రెండూ విడివిడిగానే చెప్పాలి. పాత ఆపరేటింగ్ సిస్టమ్ సీపీ/ఎమ్ నుంచి డాస్, డాస్ నుంచి విండోస్ ఆ జంటనే మోసుకొచ్చాయి. ఈమెయిలు వెళ్ళే పద్ధతిలో కూడా ఇప్పటికీ ఆ రెండే. యూనిక్స్ మాత్రం ఫైల్లో ఒక్కటే దాచుకుని, తెర మీదికి పంపేటప్పుడు రెండోది కలుపుకుంటుంది. బాగున్న లీవరులాగా, ఒక్క తోపుకి రెండు పనులు. ఇన్నాళ్ళూ యూనిక్స్‌దే సరైన పద్ధతి అనుకున్నాను. ఇప్పుడు అలా అనలేను.

టీఆర్ అనే కమాండుతో 13లు తీసేస్తే సరిగ్గా 61 వచ్చాయి. నాన్న లెక్క మొదటినుంచీ సరైనదే. ఆ మాట ఆయనకి ఇంకా చెప్పలేదు, అదే నిద్ర పట్టనివ్వడం లేదు.

స్క్రిప్టు మొదట్లోనే ఆ టీఆర్ వరస చేర్చేశాను. నాన్న నోట్‌ప్యాడ్‌లోనే కొట్టుకోవచ్చు, ఆఖరి నంబరు తర్వాత ఎంటర్ కొట్టినా కొట్టకపోయినా పర్వాలేదు. పొద్దున్న యార్డుకి బయల్దేరేలోపు లేచి, టీ నేనే పెట్టి, 61 అని చెప్పాలి. అలారం ఐదుకి పెట్టాను.