మెగిద్దో కనుమ

ఇజ్రాయెల్‌లో హైవే 65 మీద వాది ఆరా కనుమ దాటి యెజ్రెయేలు మైదానంలోకి దిగుతుంటే ఎడమ పక్కన ఒక దిబ్బ కనిపిస్తుంది. అదే మెగిద్దో. బస్సులో అప్పటికే బైబిల్లోని ప్రకటన గ్రంథం 16వ అధ్యాయం మీద చర్చ వేడెక్కింది. లోకాంతంలో జరుగుతుందనే హార్‌మెగిద్దోను యుద్ధం ఎప్పుడొస్తుంది, ఎవరెవరి మధ్య అని. నాకైతే రాబోయేదాని కన్నా ఇక్కడ జరిగిపోయినవే ఎక్కువ ఆసక్తి.

దిబ్బ పైకెక్కి చూస్తే సంగతి అర్థమవుతుంది. ఈజిప్టు నుంచి సిరియా, మెసొపొటేమియా వెళ్లే పాత వర్తక మార్గం కొండలు దాటి మైదానంలోకి వచ్చేది ఈ ఊరి ముందుకే. కనుమ ఎవరి చేతిలో ఉంటే, ఆ దారిన పోయే సరుకూ సైన్యమూ వాళ్ల దయ మీదే. అందుకే కూలిన ప్రతిసారీ ఊరిని మళ్లీ అక్కడే కట్టారు. ఇరవైకి పైగా పొరలు బయటపడ్డాయి.

క్రీ.పూ. 15వ శతాబ్దంలో ఈజిప్టు ఫరో (రాజు) మూడో తుత్మోస్ ఈ ప్రాంతాన్ని ఏలే కనాను రాజుల మీదికి వచ్చాడు. సేనానులు వెడల్పాటి దారుల్లో పోదామన్నారు. ఆయన వినలేదు. గుర్రం వెనక గుర్రం మాత్రమే పట్టే ఈ ఇరుకు కనుమనే ఎంచుకున్నాడు. శత్రువులు మిగతా రెండు దారుల దగ్గర కాపు కాస్తున్నారు! గెలుపు సులువుగానే వచ్చింది కానీ, సైనికులు దోపిడీలో పడ్డారు. ఈలోగా ఊళ్లోవాళ్లు తలుపులు మూసేసి, బయట చిక్కిన తమవాళ్లను బట్టలు పట్టి గోడ మీదికి లాక్కున్నారు. ఆ తొందరపాటుకి ఏడు నెలల ముట్టడి పట్టింది. ఈ యుద్ధం కథను ఈజిప్టులోని కర్నాక్ ఆలయం గోడల మీద ఫరోయే చెక్కించాడు.

రాతి గాడులున్న శాలల్ని గైడు 'సొలొమోను గుర్రపుశాలలు' అన్నాడు. 1920ల్లో తవ్విన షికాగో బృందం మాట అది. తర్వాతి పరిశోధకులు చాలామంది వాటిని తర్వాతి ఇశ్రాయేలు రాజు అహాబు కాలానికో, ఇంకా ఇవతలికో జరిపారు. అసలవి గోదాములన్నవాళ్లూ ఉన్నారు. క్రీ.పూ. 609లో ఫరో నెకో చేతిలో యూదా రాజు యోషీయా చనిపోయింది మాత్రం ఇక్కడే.

1918 సెప్టెంబరులో బ్రిటిష్ జనరల్ అలెన్‌బీ తుర్కుల మీదికి అశ్వికదళాన్ని తోలింది కూడా ఈ కనుమలోంచే. ఆ దండయాత్రలో నిజాం పంపిన అశ్వికదళం, హైదరాబాద్ లాన్సర్లు ఉన్నారు. ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గరి మూడు విగ్రహాల్లో ఒకటి వాళ్లకు గుర్తుగా పెట్టిందే. ఈ ముక్క చెప్పాక బస్సులో చర్చ కాస్త మారింది.

చివర్లో నీటి సొరంగం. ముట్టడిలో నీళ్లకు బయటికెళ్లక్కర్లేకుండా, ఊరి లోపల లోతైన బావిలా తవ్వి, అక్కణ్ణుంచి ఊట దాకా రాతిని తొలిచారు. దిగడానికి మెట్లు నూటఎనభై దాకా ఉంటాయి. మోకాళ్ల నొప్పులుంటే వచ్చిన దారినే వెనక్కి వెళ్లడం మేలు. మిగతావాళ్లను బస్సు సొరంగం అవతల ఎక్కించుకుంటుంది.