మౌస్ ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్లదే

పరాయి దేశంలో ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను బాగా కుంగదీసింది మీటింగులే. పని వచ్చు, చెప్పాల్సిందీ తెలుసు. కానీ మనసులో వాక్యం కూడగట్టుకునేలోపు చర్చ ఇంకెక్కడికో వెళ్లిపోయేది. గోడ మీద పెద్ద స్క్రీన్, దాని మౌస్ ఎవరో ఒకరి చేతిలో. తక్కినవాళ్లం "కొంచెం ఎడమకి... అది కాదు, దాని కిందది" అని నోటితో నడిపించాలి. ఆ భాషలో తడుముకోకుండా మాట్లాడగలిగినవాళ్లు ఎలా అంటే డిజైన్ అలా తయారయ్యేది. బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లం చాలామందిమి తలూపి ఊరుకునేవాళ్లం.

తర్వాత యూరప్‌లోనే ఇప్పుడున్న స్టూడియోకి మారాను. ఇక్కడ మేం చేసేవి టాంజిబుల్ ఇంటర్‌ఫేస్‌లు. స్క్రీన్ మీద బొమ్మను నొక్కే బదులు, చేత్తో పట్టుకునే వస్తువుతోనే కంప్యూటర్‌కి పని చెప్పే ఏర్పాటు అన్నమాట. బల్ల మీద చెక్క దిమ్మ జరిపితే ఒక భవనం జరిగినట్టే. దాని నీడ ఎటు పడుతుందో, గాలి ఎటు మళ్లుతుందో ఆ బల్ల మీదే కనిపిస్తుంది.

1997లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం మీడియా ల్యాబ్‌లో హిరోషి ఇషీ, బ్రిగ్ అల్మర్ 'టాంజిబుల్ బిట్స్' అనే పరిశోధన పత్రంతో ఈ ఆలోచనకి ఒక రూపం ఇచ్చారు. రెండేళ్లకి అక్కడే జాన్ అండర్‌కాఫ్లర్, ఇషీ కలిసి 'అర్ప్' అనే నగర ప్రణాళిక బల్ల చేశారు. భవనాల నమూనాలు పెడితే ప్రొజెక్టర్ వాటి నీడలు వేస్తుంది. గడియారం ముల్లు తిప్పితే పొద్దు మారి నీడలు సాగుతాయి. ఒక చిన్న కడ్డీతో భవనాన్ని తాకితే గోడలు అద్దాలుగా మారి, వాటి మీద పడ్డ ఎండ తిరిగి రోడ్డు మీద ఎక్కడ కొడుతుందో తెలుస్తుంది. అది చూస్తున్నంతసేపూ నా కళ్లు బల్ల చుట్టూ ఉన్న చేతుల మీదే నిలిచాయి. మౌస్ లేదు. చెయ్యి చాపినవాళ్లందరికీ అవకాశం ఉంది.

పనిలోకి దిగాక అసలు సంగతులు తెలుస్తాయి. వస్తువు చేతికి నచ్చాలి, యంత్రానికీ అర్థం కావాలి. ఈ రెండిటికీ తరచూ పడదు. దిమ్మ మరీ తేలిగ్గా ఉంటే జనం ఆలోచించకుండా అటూ ఇటూ తోసేస్తారు. కాస్త బరువుంటే చూసుకుని పెడతారు. సరే, బరువు కోసం అడుగున ఇనుప బిళ్ల వేద్దామంటే, దిమ్మని గుర్తుపట్టడానికి పెట్టిన ఎన్‌ఎఫ్‌సీ ట్యాగ్, అంటే దగ్గర నుంచి రేడియో తరంగాలతో చదివే చిన్న చిప్, పనిచేయడం మానేస్తుంది. లోహం దగ్గరుంటే దాని యాంటెన్నా శ్రుతి తప్పుతుంది. రెండిటి మధ్యా ఫెర్రైట్ అనే అయస్కాంత పదార్థంతో చేసిన పల్చటి షీట్ పెడితే దారిలో పడుతుంది.

కెమెరాతో గుర్తుపట్టే బల్లల తంటా వేరు. బార్సిలోనాలోని పాంపేవ్ ఫాబ్రా విశ్వవిద్యాలయంలో పుట్టిన 'రియాక్టబుల్' అనే సంగీత వాద్యం ఆ పద్ధతిదే. గుండ్రటి బల్ల, కింద కెమెరా, వస్తువుల అడుగున నలుపు తెలుపు గుర్తులు. ప్రొజెక్టర్ వెలుగుతో తికమక పడకుండా కెమెరా పరారుణ కాంతిలో చూస్తుంది. కానీ ఎండలోనూ పరారుణం ఉంటుంది కదా, బల్ల కిటికీ పక్కన పడితే గుర్తులు కనబడవు. ఎక్కడ బల్ల పెట్టాలన్నా నేను ముందు అడిగేది కిటికీలు ఏ దిక్కున ఉన్నాయనే.

మా వర్క్‌షాప్‌లో చెక్కపని చూసే పెద్దాయన కూడా నాలాగే ఇంకో దేశం నుంచి వచ్చినవారు. మా ఇద్దరికీ కలిసే భాష అంతంతమాత్రం. దిమ్మ అంచులు ఎలా ఉండాలన్న దాని మీద ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నాం. ఆయన ఒక ముక్క నా చేతిలో పెడతారు. నేను కళ్లు మూసుకుని తిప్పి చూసి, గుచ్చుకున్న చోట బొటనవేలు ఆనించి తిరిగిస్తాను. ఆయన అక్కడ ఉప్పు కాగితంతో నాలుగుసార్లు రుద్ది మళ్లీ ఇస్తారు. చివరికి అన్ని మూలలూ నున్నగా చేసి, ఒక్క మూల మాత్రం కోసుగా ఉంచాం. చూడకుండానే ముందువైపు ఏదో వేలికి తెలియాలని ఆయన ఆలోచన. నాకు ఉద్యోగంలో ఇంత తృప్తినిచ్చిన సంభాషణలు తక్కువ.

ఒక పాత నివాస ప్రాంతాన్ని తిరిగి కట్టే పథకం కోసం ఆ దిమ్మలతో ఒక బల్ల చేశాం. అక్కడ ఉండేవాళ్లలో వలస వచ్చినవాళ్లు చాలామంది. సమావేశంలో ఒకావిడ చాలాసేపు పెదవి విప్పలేదు. ఉన్నట్టుండి లేచి ఒక దిమ్మని కాస్త వెనక్కి జరిపారు. పిల్లల ఆటస్థలం మీద ఉన్న నీడ తప్పుకుంది. ఎదురుగా ఉన్నాయన దాన్ని మళ్లీ ముందుకు తెచ్చారు. ఆవిడ వెనక్కి జరిపి, చెయ్యి తియ్యకుండా అలాగే పట్టుకున్నారు. ఆయన ఏదో లెక్క చెప్పారు, ఆవిడ గడియారం దిమ్మ తిప్పి సాయంత్రం నాలుగు దగ్గర ఆపి నీడని వేలితో చూపించారు. అప్పుడు గదిలో అందరూ ఆవిడతో మాట్లాడడం మొదలుపెట్టారు. ఆ తర్వాతి బల్లల వెడల్పు విషయంలో నేను పట్టుబట్టాను. ఏ పక్కన కూర్చున్నా నడిమికి చెయ్యి అందాలి. అందకపోతే అంచున ఉన్నవాళ్లు మళ్లీ ప్రేక్షకులైపోతారు.

ఇలాంటి దారి చాలాకాలం క్రితమే వేసినవారు ఉన్నారు. 1970ల్లో ఎంఐటీలో రేడియా పెర్ల్‌మన్ ఇంకా చదవడం రాని పిల్లల కోసం ఒక పెట్టె చేశారు. ప్లాస్టిక్ కార్డుల్ని గూళ్లలో దోపితే ఆ వరుసలో రోబో తాబేలు కదిలేది. కంప్యూటర్ నెట్‌వర్క్‌లలో సమాచారం ఒకే చోట గిరగిరా తిరగకుండా చూసే స్పానింగ్ ట్రీ ప్రోటోకాల్ ఇచ్చింది కూడా ఆవిడే. అక్షరం రాకపోయినా ఆదేశం ఇవ్వొచ్చని అప్పుడే చూపించారామె. భాష సరిగా రాని పెద్దవాళ్లకీ అది వర్తిస్తుందని నేను గట్టిగా నమ్ముతాను.

వస్తువులతో పెద్ద చిక్కు, వాటికి సేవ్ లేదు, అన్‌డూ లేదు. సమావేశం ముగిసి దిమ్మలు పెట్టెలోకి వెళ్తే అన్నీ చెరిగిపోయినట్టే. 2013లో ఎంఐటీవాళ్లు చేసిన 'ఇన్‌ఫార్మ్' బల్లలో 900 పిన్నులు మోటార్లతో లేచి దిగి ఆకారాన్ని తామే మార్చుకుంటాయి. మాకు అంత యంత్రాంగం అక్కర్లేదనిపించింది. కెమెరా ఏ దిమ్మ ఎక్కడుందో గుర్తుంచుకుంటుంది, తర్వాతి సమావేశంలో ప్రొజెక్టర్ ఆ గీతల్ని బల్ల మీద వేస్తుంది, మనుషులే దిమ్మల్ని వాటి చోట్లలో పెడతారు. పెడుతూ పెడుతూ "ఇది ఇక్కడెందుకు పెట్టాం?" అని పోయినసారి నిర్ణయాన్నే మళ్లీ తిరగదోడతారు. గీతలు చిక్కగా ఉంటే జనం వాటినే శాసనం అనుకుని కదపరు, మరీ పల్చగా ఉంటే అసలు గమనించరు. ఎంత వెలుగులో వెయ్యాలన్నదే ఇప్పుడు మా జట్టులో నడుస్తున్న వాదన. దాన్ని కూడా బల్ల దగ్గరే, దిమ్మలు చేతిలో పట్టుకునే తేల్చుకుంటున్నాం.