షియాన్ మట్టికి తడంటే పడదు

చైనాలోని షియాన్‌కి వచ్చే బృందాలు మొదటిరోజే మట్టి సైనికుల దగ్గరికి, అంటే చైనా తొలి చక్రవర్తి సమాధి దగ్గర పాతిపెట్టిన బొమ్మల సైన్యం దగ్గరికి, పరుగెడతాయి. ఆర్కిటెక్చర్, చరిత్ర చదివే పద్దెనిమిది మందిమి మేం. పాత ఊరి చుట్టూ ఉన్న కోటగోడతో మొదలుపెట్టాం. గోడలో మట్టిని దగ్గరగా చూశాక మిగతా ఊరు తేలిగ్గా అర్థమవుతుంది.

మింగ్ వంశపు రాజులు 1370లో మొదలుపెట్టి 1378కల్లా కట్టిన గోడ ఇది. చుట్టుకొలత 13.74 కిలోమీటర్లు, ఎత్తు 12 మీటర్లు, పైన వెడల్పు 12 నుంచి 14 మీటర్లు. బయటికి కనిపించే ఇటుక 1568లో వేసిన తొడుగు. లోపలిదంతా పొరలుపొరలుగా పోసి దిమ్మిస కొట్టిన పసుపు మట్టి. నైరుతి వైపు హాన్‌గ్వాంగ్ ద్వారం దగ్గర మ్యూజియంలో గోడని అడ్డంగా కోసినట్టు చూపిస్తారు. అడుగున తాంగ్ వంశపు (ఏడు నుంచి పదో శతాబ్దం) కాలపు మట్టి, దాని మీద తర్వాతి కాలాల మరమ్మతులు, ఒక్కోదానికి ఒక్కో రంగు. స్కెచ్ వేసుకునేవాళ్లకి ఇక్కడే గంట పడుతుంది.

ఈ మట్టి గాలి మోసుకొచ్చి పేర్చింది. పొడిగా ఉంటే నిలువుగా కోసినా నిలబడుతుంది, నీరు తగిలితే తన బరువుకే కుంగిపోతుంది. అందుకే గోడ పైభాగం లోపలివైపుకి వాలుగా ఉంటుంది. అక్కడక్కడ ఇటుక తూములు నీళ్లని కిందికి దించుతాయి. చాలామంది బురుజుల ఫొటోలు తీసుకుని ఈ తూముల్ని చూడకుండానే దాటేస్తారు. బురుజులు 98, ఒకదానికొకటి 120 మీటర్ల దూరం. రెండు బురుజుల మీంచి వేసిన బాణాలు మధ్యలో కలిసేలా పెట్టిన లెక్క. దక్షిణ ద్వారం దగ్గర సైకిళ్లు అద్దెకిస్తారు. చుట్టూ తిరగడానికి రెండు గంటలు చాలు గానీ, ఇటుకల అతుకుల మీద కుదుపు బాగా ఉంటుంది. నోట్సు రాసుకోవాలంటే నడకే మేలు, అదీ రెండు ద్వారాల మధ్య ముక్కే.

మట్టి సైనికుల దగ్గరికి మెట్రో తొమ్మిదో లైన్‌లో హ్వాచింగ్‌చీ స్టేషన్‌కి వెళ్లి అక్కడ బస్సెక్కాలి. 1974 మార్చిలో రైతులు బావి తవ్వుతుంటే ఈ బొమ్మలు బయటపడ్డాయి. బొమ్మలు మూడు గుంటల్లో ఉన్నాయి. ముందు ఒకటో గుంటలోకి వెళ్తే ఆ పరిమాణానికే కళ్లు నిండిపోయి, మిగతా రెండూ వెలవెలబోతాయి. మేం రెండు, మూడు చూసి ఒకటికి వచ్చాం. రెండో గుంటలో దొరికిన మోకాలి మీద కూర్చున్న విలుకాడి బొమ్మ అద్దాల పెట్టెలో ఉంటుంది. వెనక్కి వెళ్లి మడమ చూడండి. చెప్పు అడుగు కుట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. గుంట పైకప్పు కూలినప్పుడు నిలువెత్తు బొమ్మలు ముక్కలయ్యాయి, 1.2 మీటర్ల ఎత్తున్న ఈ విలుకాళ్లు చాలావరకు బతికిపోయారు.

ఇక్కడ మాత్రం కథ తిరగబడుతుంది. తడి పోతేనే నష్టం. బొమ్మల మీద ముందు లక్క పూత, దానిమీద రంగులు. రెండు వేల ఏళ్లు తేమలో ఉన్న పూత గాలి తగిలిన కొన్ని నిమిషాల్లోనే ఎండి, ముడుచుకుని, రంగుతో సహా రాలిపోతుంది. అందుకే ఇప్పుడు తవ్వుతుండగానే పూత ఎండిపోకుండా ఆపే పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే రసాయన ద్రావణం పట్టిస్తారు.

పెద్ద హంస పగోడా 652లో కట్టింది. హ్యూయన్‌త్సాంగ్ మన దేశం నుంచి తెచ్చిన 657 గ్రంథాల కోసం లేచిన కట్టడం. ఆయన ధాన్యకటకంలో ఉండి చదువుకున్నాడు కాబట్టి అమరావతి చూసినవాళ్లు ఇక్కడ కాసేపు ఎక్కువే నిలబడతారు. ఇప్పుడది ఏడంతస్తులు, 64.5 మీటర్లు, కాస్త ఒరిగి ఉంటుంది. భూగర్భజలం తోడేయడంతో నేల కుంగడం అందుకొక కారణం. పగోడా దక్షిణ ద్వారానికి రెండు పక్కలా 653 నాటి శిలాఫలకాలున్నాయి. ఒకటి కుడి నుంచి ఎడమకి, రెండోది ఎడమ నుంచి కుడికి చదవాలి, ద్వారానికి జోడు కుదరాలని.

బేలిన్ శిలాఫలకాల మ్యూజియంలో 837 నాటి 114 రాళ్ల మీద పన్నెండు ప్రాచీన గ్రంథాలు చెక్కి ఉన్నాయి. 1556 భూకంపంలో చాలా రాళ్లు పగిలాయి, పగుళ్ల గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. మన శాసన పరిశోధకులు ఎస్టాంపేజీ అనే పని ఇక్కడ చూడొచ్చు. తడి కాగితాన్ని రాతికి అతికి, బ్రష్‌తో కొట్టి అక్షరాల్లోకి దించి, సగం ఆరాక సిరా అద్దిన గుడ్డ ఉండతో పైపైన తడతారు. తొందరపడి తడి మీదే తడితే సిరా పాకి అక్షరం పూడిపోతుంది. మరీ ఆరిపోతే కాగితం లేచిపోతుంది.

షాన్‌షీ చరిత్ర మ్యూజియం సోమవారం మూత. ప్రవేశం ఉచితమే గానీ ముందే నమోదు చేసుకోవాలి. పాస్‌పోర్టు నంబరులో ఒక్క అంకె తప్పినా గేటు దగ్గర ఆపేస్తారు. ఇంటిపేరు, పేరు పాస్‌పోర్టులో ఏ గడిలో ఉంటే అలాగే రాయాలి. మనవాళ్లు తడబడేది ఇక్కడే. గూగుల్ పనిచేయదు, అలీపే అనే ఫోన్ చెల్లింపుల యాప్‌కి కార్డు ఇంట్లోనే కలుపుకుని బయల్దేరాలి. అక్టోబరు మొదటివారం సెలవుల రద్దీ, ఆ రోజులు వద్దు.

ముస్లిం వీధిలో పావ్‌మో, అంటే మాంసం రసంలో నానిన రొట్టె ముక్కలు, తినాలంటే ఓపిక కావాలి. గట్టి రొట్టె, ఖాళీ గిన్నె ముందు పెడతారు. రొట్టెను సోయా గింజంత ముక్కలుగా మనమే తుంచాలి, ఇరవై నిమిషాలు పడుతుంది. పెద్దగా తుంచితే మాంసం రసం లోపలికి దిగక నడిమధ్య పిండిలాగే ఉండిపోతుంది. తుంచిన గిన్నెను నంబరు బిళ్లతో వంటింట్లోకి తీసుకెళ్తారు, ఎవరు తుంచింది వాళ్లకే తిరిగొస్తుంది. కలిపేయకుండా అంచు నుంచి తినాలి, నంజుకోవడానికి తియ్యటి వెల్లుల్లి ఇస్తారు.