మా గుంట గుంటలో వేసింది

మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. పుట్టింది పెరిగింది అంతా ఒహైయోలోనే, తెలుగు అర్థమవుద్ది గానీ నోరు తెరిస్తే ఇంగ్లీషే. నాలుగేళ్లు ఆదివారం తెలుగు క్లాసుకి తిప్పాను, అంకెలు అయిదు దాకా వచ్చి ఆగిపోయాయి. ఆరు, ఏడు దగ్గరికొచ్చేసరికి దానికి ఏడుపొచ్చేది, నాకు బీపీ వచ్చేది.

ఈ సమ్మర్‌లో విజయనగరం వచ్చాం. దీనికేమో నైన్ బాల్ పిచ్చి, అదే, పూల్ టేబుల్ మీద కర్రతో కొట్టి నెంబర్లున్న తొమ్మిది బాల్స్‌ని పాకెట్లలో వేసే ఆట, అక్కడ బేస్‌మెంట్‌లో ఎవరో అమ్మేస్తుంటే కొన్న పాత టేబులొకటి ఉంది, స్కూల్ నుంచి రాగానే దాని మీదే. ఇక్కడికొచ్చిన పది రోజులకే చేతులు దురద. మా మేనల్లుడు బండేసుకుని తిరిగి తిరిగి గంటస్తంభం అవతల ఒక మేడ మీద పూల్ పార్లర్ పట్టుకున్నాడు. ఆ మాట వినగానే నాకు వీపు చురుక్కుమంది, ఎందుకంటే ఇంటర్‌లో కాలేజీ ఎగ్గొట్టి ఇలాంటి మేడ మీదే దొరికిపోయి మా నాన్న బెల్టు దెబ్బలు తిన్నోణ్ణి నేను. ఇప్పుడు నేనే కూతుర్ని తీస్కెళ్తున్నా, పైగా మా అమ్మ "నేనూ వస్తాను, ఆ మేడ మీద ఏటుందో సూస్తాను" అని మోకాళ్ల నొప్పులతోనే మెట్లెక్కింది.

కౌంటర్ దగ్గర కుర్రాడు ఇబ్బందిగా "ఆడాళ్లెవరూ రారండి ఇక్కడికి" అన్నాడు. "వచ్చాం కదేటి బాబూ, ఓ కుర్సీ ఎయ్యి" అంది మా అమ్మ. వేశాడు పాపం.

మొదటి బ్రేక్, అంటే పేర్చిన బాల్స్‌ని తెల్ల బాల్‌తో చెదరగొట్టే దెబ్బ. క్యారమ్స్ తప్ప ఇంకోటి సరిగ్గా ఆడని బుర్ర కదా నాది, "గట్టిగా కొట్టవే" అన్నా. కొట్టింది. తెల్ల బాల్ ఒకటో నెంబర్ మీద నుంచి ఎగిరి టేబుల్ దాటి టపటపా గెంతుకుంటూ వెళ్లి మా అమ్మ కుర్చీ కింద ఆగింది. కుర్రాడు నా వైపు చూశాడు, నేను ఫ్యాన్ వైపు చూశాను.

"నాన్నా, ప్లీజ్, నువ్వు చెప్పకు" అంది మా అమ్మాయి, ఇది మాత్రం తెలుగులోనే. తర్వాత అదే కారణం కనిపెట్టింది. ఆ గది ఇరుకు, వెనక గోడ, క్యూ కర్ర తోక గోడకి తగలకూడదని పైకి లేపి కొట్టింది, తోక పైకి లేస్తే దెబ్బ పైనుంచి కిందికి పడుద్ది, తెల్ల బాల్ చిన్నగా గెంతుద్ది, గెంతిన బాల్ ఒకటిని తాకితే ఇంక టేబుల్ మీద ఉండదు. అందుకని తెల్ల బాల్‌ని ఎడమ పక్క అంచు దగ్గరకి జరిపింది, అటు తలుపు తీస్తే వెనక చోటుంది. చెయ్యి అంచు మీద పెట్టి క్యూని ఎంత పడుకోబెట్టొచ్చో అంత పడుకోబెట్టింది. దానికి ముందు ఫోన్ టార్చ్ వేసి ర్యాక్‌లోకి, అంటే పేర్చిన బాల్స్‌లోకి, వంగి చూసింది, ముందు ఒకటి, నడుమ తొమ్మిది, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయా లేదా అని. కాగితం మందం సందున్నా దెబ్బ అక్కడే చచ్చిపోద్దట. మూడు సార్లు పేర్చింది, కుర్రాడికి విసుగొచ్చింది గానీ నాకు ముచ్చటేసింది, హోంవర్క్‌లో ఈ ఓపిక ఎప్పుడూ చూళ్లేదు.

ఈసారి మొదటిదానంత గట్టిగా కూడా కొట్టలేదు. ఒకటిని నిండుగా, సరిగ్గా నడిమధ్యన తగిలించింది. పేర్చినవాటిలో పక్క మూలన ఉన్న బాల్ మెత్తగా మూల పాకెట్‌లోకి జారిపోయింది, తెల్లది వెనక్కొచ్చి టేబుల్ నడి మధ్యలో బుద్ధిగా కూర్చుంది.

"ఓలమ్మో, గుంటలో పడిపోనాదిరా!" అని అరిచింది మా అమ్మ. అక్కడ చిక్కొచ్చింది. మా అమ్మ దీన్ని పుట్టినప్పట్నించీ "గుంటా" అనే పిలుస్తది, మా వైపు పిల్లని అలాగే అంటారు. "మామ్మా, గుంట నేను కదా, దానిలో ఎలా పడుతుంది?" అని ఇది నిజంగానే అడిగింది. మా మేనల్లుడు నవ్వలేక కింద కూలబడ్డాడు.

ఆట ఏంటో మా అమ్మకి చెప్పాలి కదా. టేబుల్ మీద మిగిలినవాటిలో చిన్న నెంబర్‌నే ముందు తాకాలి, చివరికి తొమ్మిది వేసినోళ్లు గెలుస్తారు అన్నాం. "అయితే పైకి సెప్పి కొట్టు, నాకు కళ్లు ఆనవు" అంది ఆవిడ. ఒకటి. రెండు. నాలుగు బ్రేక్‌లోనే పోయింది కాబట్టి మూడు తర్వాత అయిదు. ఆరు దగ్గర ఆగింది, నేను నోరు తెరవబోతే మా అమ్మ కళ్లురిమింది. "ఏడు" అంది ముందు, "కాదే, ఆరు" అని ఈవిడ, మళ్లీ కొట్టడం, పోవడం, ఎన్మిది, తొమ్మిది. రెండు గంటల్లో ఎన్నిసార్లు లెక్కపెట్టిందో. నాలుగేళ్ల డొనేషన్లు, కార్ పెట్రోలు గుర్తొచ్చి కడుపు మండింది నాకు.

తిరిగొచ్చేశాం. ఇప్పుడు శనివారం పొద్దున్న తొమ్మిదికి, అంటే అక్కడ సాయంత్రం ఆరున్నరకి, బేస్‌మెంట్ నుంచి మా అమ్మకి వీడియో కాల్ ఉంటది. ఫోన్‌ని సుద్ద డబ్బాకి ఆనించి నిలబెడుద్ది. నన్ను రానివ్వరు, మెట్ల మీద కూర్చుని వింటా. మొన్న ధడేల్‌మని చప్పుడు.

"ఎన్ని పడ్డాయే గుంటా?"

"రెండు. కానీ తెల్లది కూడా పడిపోయింది మామ్మా."

"ఓసి నీ... అయితే ఆవలోడి సేతిలో ఎట్టీసినట్టేనా? ఎక్కడ కావలిస్తే అక్కడెట్టుకుని కొట్టీసుకుంటాడు. మళ్లీ పేర్సు."