శాంతి, న్యాయం, సంస్థలు: గ్రూప్-1 మెయిన్స్ కోసం నేను చదివిన తీరు

గ్రూప్-1 మెయిన్స్‌కు సిద్ధమవుతున్న మిత్రులకు నమస్కారం. సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో పదహారోదైన ‘శాంతి, న్యాయం, పటిష్ఠ సంస్థలు’ అనే అంశాన్ని ఎలా చదవాలని నెల్లూరు, కావలి, ఒంగోలులో చదువుకుంటున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ కొందరు అడుగుతున్నారు. జనరల్ ఎస్సేలోనూ, రాజ్యాంగం, పరిపాలన ఉన్న మూడో పేపర్‌లోనూ, ఆర్థిక వ్యవస్థకు సంబంధించిన నాలుగో పేపర్‌లోనూ ఇది ఏదో ఒక రూపంలో ఎదురుకావచ్చు కనుక, నా నోట్స్ ఎలా తయారయ్యాయో కాస్త వివరంగా రాస్తున్నాను.

ప్రాథమిక వివరాలు కొద్దిగానే ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి సభ్య దేశాలు 2015 సెప్టెంబరులో ఆమోదించిన 2030 అజెండాలో 17 లక్ష్యాలు, 169 ఉపలక్ష్యాలు ఉన్నాయి. అంతకుముందు 2015 వరకు అమలైన సహస్రాబ్ది లక్ష్యాలు ఎనిమిదే. వాటిలో శాంతికీ న్యాయానికీ విడిగా చోటు లేదు. పదహారో లక్ష్యం కిందికి హింసను తగ్గించడం, న్యాయం అందరికీ సమానంగా అందడం, అవినీతి అదుపు, జవాబుదారీ సంస్థలు, నిర్ణయాల్లో ప్రజల భాగస్వామ్యం, జనన నమోదుతో సహా చట్టబద్ధమైన గుర్తింపు, సమాచారం పొందే హక్కు మొదలైనవి వస్తాయి. ఇంతవరకు ఏ మెటీరియల్‌లోనైనా దొరుకుతుంది. ఒక పూట చాలు. మిగిలిన సమయమంతా నేను ఒకే ప్రశ్న మీద పెట్టాను. ఫలానా సంస్థ సరిగా పనిచేయకపోతే మన జిల్లాలో ఎవరికి, ఏ దారిన నష్టం జరుగుతుంది? ఈ ప్రశ్నకు జవాబు రాయగలిగితే పదహారో లక్ష్యం మిగిలిన పదహారింటితో ఎలా ముడిపడి ఉందో విడిగా బట్టీ పట్టనక్కరలేదు.

నాకు అన్నిటికన్నా ఉపయోగపడిన ఉదాహరణ చుక్కల భూములు. బ్రిటిష్ పాలనలో భూముల రీసెటిల్‌మెంట్ (సర్వే చేసి శిస్తును తిరిగి నిర్ణయించడం) జరిగినప్పుడు, అది ప్రభుత్వ భూమా, ఎవరి పట్టా అని తేల్చి రాయవలసిన గడిలో చాలాచోట్ల చుక్కలు పెట్టి వదిలేశారు. తాతల కాలం నుంచి సాగు చేసుకుంటున్న రైతు పేరు అక్కడ లేదు కనుక, తరువాతి కాలంలో ఆ సర్వే నంబర్లు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద నిషేధిత జాబితాలో చేరాయి. పొలం రైతు చేతిలోనే ఉంటుంది, పంట కూడా పండుతుంది. కానీ దాన్ని అమ్ముకోలేడు, బ్యాంకులో తనఖా పెట్టలేడు, పిల్లలకు భాగం పంచి రిజిస్టర్ చేయించలేడు. బ్యాంకు తలుపు మూసుకున్నాక ప్రైవేటు వడ్డీ వ్యాపారి దగ్గరకు వెళ్ళక తప్పదు, ఆ వడ్డీ పంట ఆదాయాన్ని తింటుంది. 2017లో రాష్ట్రం ప్రత్యేక చట్టం చేసింది. 2023 మే నెలలో ఈ భూములను నిషేధిత జాబితా నుంచి తొలగించే కార్యక్రమాన్ని ప్రభుత్వం మన కావలిలోనే చేపట్టింది. ఒక రికార్డులోని ఖాళీ గడి పేదరిక నిర్మూలన అనే మొదటి లక్ష్యాన్ని తరాల తరబడి ఎలా అడ్డుకుందో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు పాఠ్యపుస్తకాల్లో కనిపించలేదు. ఎదుట హింస ఏమీ లేకపోయినా, గట్టు తగాదాలు కోర్టుల దాకా వెళ్ళడానికి ఇలాంటి అస్పష్టతే ఒక కారణమని కూడా జవాబులో చేర్చవచ్చు.

రెండోది సారా వ్యతిరేక ఉద్యమం. దీన్ని చాలామంది చరిత్ర పేపర్‌కు మాత్రమే దాచుకుంటారు, అది నష్టం. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం నడిచింది. రాత్రి బడిలో చదువుకోవడానికి కూర్చున్న స్త్రీలకు తమ ఇళ్ళలోని దెబ్బలకూ, ఖాళీ గిన్నెలకూ సారా ఎలా కారణమవుతోందో నలుగురిలో మాట్లాడుకునే చోటు మొదటిసారి దొరికింది. దూబగుంట స్త్రీలు రోశమ్మ ముందుండగా తమ ఊళ్ళో సారా అమ్మకాన్ని ఆపించారు. ఆ విజయమే వాచకంలో పాఠమై ఇతర ఊళ్ళకు పాకింది. 1992లో సారా వేలం పాటలను స్త్రీలు అడ్డుకున్నారు. 1993లో ముందుగా నెల్లూరు జిల్లాలోనూ, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు.

పరీక్షలో ఈ తేదీలు రాసి ఊరుకుంటే అది చరిత్ర జవాబే అవుతుంది. నేను రాసుకున్న వరుస వేరు. చదువు నుంచి సంఘటిత చర్చ, చర్చ నుంచి ఇంట్లో హింసను ప్రశ్నించడం, అక్కడి నుంచి ఎక్సైజు ఆదాయం మీద ఆధారపడిన ప్రభుత్వ విధానాన్నే నిలదీయడం, ఆ తరువాత సారాకు పోయే డబ్బును రోజుకు రూపాయి చొప్పున దాచుకునే పొదుపు లక్ష్మి సంఘాలు. నాబార్డు స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో కలిపే కార్యక్రమాన్ని మొదలుపెట్టింది కూడా 1992లోనే. ఇందులో నాకు నచ్చిన అంశం ఒకటుంది, ఎవరైనా విభేదించవచ్చు. ప్రభుత్వ ఉత్తర్వుగా వచ్చిన సంపూర్ణ నిషేధం ఖజానా కష్టాల ముందు మూడేళ్ళు కూడా నిలవలేదు. సమావేశం, పుస్తకం, తీర్మానం, బ్యాంకు ఖాతా ఉన్న పొదుపు సంఘం మాత్రం ప్రభుత్వాలు మారినా నిలిచింది. సభ్యుల చేతుల్లో ఉండే సంస్థకూ, పైనుంచి వచ్చే ఆదేశానికీ ఉన్న ఈ తేడాను ఒక్క పేరాలో చెప్పగలిగితే ‘సమ్మిళిత సంస్థలు’ అన్న భాగానికి జవాబు అక్కడే దొరుకుతుంది.

గుర్తింపు పత్రాల విషయానికి వస్తే, ఇక్కడి గిరిజనులైన యానాదుల పరిస్థితిని గమనించకుండా నెల్లూరు అభ్యర్థి జవాబు రాయడం సరికాదని నా అభిప్రాయం. పని వెంట రొయ్యల గుంటలకూ, కాలవ గట్లకూ తరలిపోయే కుటుంబాల్లో జననం నమోదు కాకుండా పోవడం సులభం. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజుల్లోపు నమోదు చేయించుకోవాలి. ఆ గడువు దాటితే రుసుములూ, అనుమతులూ, చుట్టూ తిరగడాలూ మొదలవుతాయి. కూలి పోగొట్టుకుని కార్యాలయానికి రాలేని మనిషికి ఆ పత్రం ఉండదు, పత్రం లేకపోతే కుల ధ్రువీకరణకూ, రేషన్ కార్డుకూ, బడిలో వయసు రుజువుకూ చిక్కులు వస్తాయి. పథకం ఉంది, నిధులు ఉన్నాయి, అర్హత ఉంది. అయినా లబ్ధిదారు జాబితాలో లేడు. పదహారో లక్ష్యం తొమ్మిదో ఉపలక్ష్యం 2030 నాటికి అందరికీ చట్టబద్ధమైన గుర్తింపు ఉండాలని కోరడానికి కారణం ఇదే. ప్రకాశం వైపు వారు నల్లమల చెంచు గూడేలను ఇదే కోణంలో పరిశీలించవచ్చు.

న్యాయం అందుబాటు గురించి చదివేటప్పుడు ఉచిత న్యాయ సహాయం గురించిన 39-ఎ అధికరణం (1976లో 42వ సవరణ ద్వారా వచ్చింది), 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం, విచారణ ఖైదీలకు సత్వర విచారణ హక్కుందన్న 1979 నాటి హుస్సేనారా ఖాతూన్ తీర్పు, 2008 నాటి గ్రామ న్యాయాలయాల చట్టం ఒకే పేజీలో ఉంచుకున్నాను. దేశంలోని ఖైదీల్లో నాలుగింట మూడు వంతుల మంది దాకా విచారణ ఖైదీలే. సంపాదించే మనిషి నేరం రుజువు కాకుండానే జైల్లో ఉంటే బయట ఆ కుటుంబం అప్పులో పడుతుంది, పిల్లల చదువు ఆగుతుంది. అంటే న్యాయంలో జాప్యం నేరుగా ఒకటో (పేదరిక నిర్మూలన), నాలుగో (విద్య) లక్ష్యాలను దెబ్బతీస్తుంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ కింద, గతంలో ఏ నేరంలోనూ శిక్ష పడని నిందితుడు, మరణశిక్ష, యావజ్జీవం వంటి మినహాయింపులకు లోబడి, గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైల్లో గడిపితే విడుదలకు అర్హుడన్న విషయం ఇక్కడ చేర్చాలి.

రాజీతో కేసులు తేల్చే లోక్ అదాలత్‌ను మన జవాబుల్లో అవసరానికి మించి పొగుడుతున్నామని నాకనిపిస్తుంది. వాహన ప్రమాద పరిహారం, చెక్కు బౌన్స్, బ్యాంకు బకాయిల కేసులు అక్కడ త్వరగా తేలుతాయి, కోర్టు రుసుము తిరిగి వస్తుంది, అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. కానీ దాని మీద అప్పీలు లేదు. ఏళ్ళ తరబడి తిరగలేక, రావలసినదానికన్నా తక్కువ మొత్తానికి ఒప్పుకున్న బాధితుడి సంతకాన్ని సమాన న్యాయంగా లెక్కించవచ్చునా అని ఒక వాక్యం రాస్తే, పుస్తకం చదివిన అభ్యర్థికీ, విషయం ఆలోచించిన అభ్యర్థికీ తేడా దిద్దేవారికి కనిపిస్తుంది.

శాంతి అంటే అల్లర్లు లేకపోవడమేనా అన్న ప్రశ్నకు కారంచేడు గురించి రాశాను. అప్పటి ప్రకాశం జిల్లాలో 1985 జులై 17న దళితుల మీద దాడి జరిగి ఆరుగురు హతులయ్యారు. కేసు సుప్రీంకోర్టులో ముగిసింది 2008లో. మధ్యలో 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. ఊరు వదిలి చీరాలకు చేరిన కుటుంబాల జీవనోపాధిని ఇరవై మూడేళ్ళ నిరీక్షణతో కలిపి చూస్తే, భద్రత లేని చోట అభివృద్ధి లెక్కలు ఎవరివన్నది అర్థమవుతుంది. ప్రజల అంగీకారం లేని సంస్థ ఎంతకాలం నిలుస్తుందన్నదానికి 1921 నాటి చీరాల-పేరాల ఉద్యమం చాలు: కోరని మునిసిపాలిటీనీ, దాని పన్నులనూ భరించలేక దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం ఊరే వదిలి రామనగర్‌లో నెలల తరబడి ఉన్నారు.

ఎదురువాదనను కూడా సిద్ధం చేసుకోవాలి. ముందు పోర్టులు, రోడ్లు, పరిశ్రమలు వస్తే సంస్థలు వాటంతటవే బాగుపడతాయని కొందరంటారు. కృష్ణపట్నం, రామాయపట్నం మన కళ్ళెదుట ఉన్నాయి కనుక ఈ వాదన మన వైపు బలంగానే వినిపిస్తుంది. దీనికి నేను 2013 నాటి భూసేకరణ చట్టాన్ని ఆధారం చేసుకున్నాను. ప్రైవేటు సంస్థల కోసమైతే 80 శాతం, ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం ప్రభావిత కుటుంబాల సమ్మతి, వాటితోపాటు సామాజిక ప్రభావ అంచనా ఉండాలని అది చెబుతుంది. సమ్మతికి పట్టే నెలలను ఆలస్యంగా లెక్కించేవారు, సమ్మతి లేక కోర్టుల్లో ఆగే ఏళ్ళను కూడా అదే ఖాతాలో రాయాలి.

చివరగా రాత గురించి ఒక మాట. ఒకే ఉదాహరణను రెండు పేపర్లలో ఒకే తీరున రాయకండి. చుక్కల భూములను మూడో పేపర్‌లో రికార్డుల జవాబుదారీతనం వైపు నుంచి, నాలుగో పేపర్‌లో రైతుకు బ్యాంకు రుణం వైపు నుంచి చూపవచ్చు. సారా ఉద్యమాన్ని ఎస్సేకు ఉంచుకోండి, అక్కడ దానికి కావలసినంత చోటు ఉంటుంది. జాతీయ లోక్ అదాలత్ తేదీలను ముందే ప్రకటిస్తారు, వీలైతే జిల్లా కోర్టుకు వెళ్ళి ఒక పూట కూర్చోండి. గ్రామసభ జరిగే రోజు మీ ఊళ్ళో ఉంటే, ఎజెండాలో ఏం రాశారో, చివరకు ఎవరు మాట్లాడారో నోట్ చేసుకోండి.