రెండో హార్డ్ డిస్క్ విజయనగరం వెళ్ళింది

నరసన్నపేట దగ్గర మా ఊళ్ళో ఒక మామ్మ ఉండేది. ఊడుపుల పాటలు ఆమెకు వచ్చినన్ని ఆ చుట్టుపక్కల ఎవరికీ రావు. 2016 వేసవిలో నాలుగు రోజులు ఆమె అరుగు మీద కూర్చుని ఇరవై మూడు పాటలు రికార్డు చేసుకున్నాను. ప్రతి పాటా అయ్యాక, "ఎక్కీసినాదేటమ్మీ?" అని అడిగేది. ఎక్కింది మామ్మా అనేదాన్ని. రెండేళ్ళకి ఆమె పోయింది.

కిందటేడు మా ఇంట్లో కంప్యూటర్ లోపలి డిస్క్ పాడైంది. బయటి డిస్క్‌లో కాపీ ఉంది కదా అని నేను పెద్దగా టెన్షన్ పడలేదు. తెరిచి చూస్తే ఫోల్డర్లన్నీ ఉన్నాయి, పేర్లున్నాయి, సైజులూ సరిగ్గానే ఉన్నాయి. ఒక్కో పాటా వింటూ వచ్చాను. పదిహేడో పాట నలభై సెకన్లు వినిపించింది, ఆ తర్వాత ఏమీ లేదు. ప్లేయర్‌లో గీత మాత్రం ఆరు నిమిషాల చివరిదాకా కదులుతూనే ఉంది. నాలుగుసార్లు మళ్ళీ పెట్టాను. అదే నలభై సెకన్లు.

జరిగింది తర్వాత అర్థమైంది. అప్పట్లో కాపీ అవుతుండగా కరెంటు పోయింది, ఇంట్లో యూపీఎస్ లేదు. కాపీ మొదలవగానే కంప్యూటర్ ఆ ఫైలుకి కావలసిన చోటంతా ముందే తీసిపెట్టి, తర్వాత నింపుకుంటూ పోతుంది. మధ్యలో కరెంటు పోతే సైజు నిండుగా కనిపిస్తుంది, లోపల మిగతాదంతా సున్నాలే ఉండిపోవచ్చు. నా రికార్డింగులు వేవ్ అనే రకం ధ్వని ఫైళ్ళు, వాటిలో సున్నాలంటే నిశ్శబ్దం. కరెంటు వచ్చాక నేను మళ్ళీ కాపీ పెట్టి, ఇప్పటికే ఉన్న ఫైళ్ళని వదిలెయ్యమని నొక్కాను. సగం ఫైలుని కూడా అది "ఉన్నది" కిందే లెక్కేసింది. రికార్డర్‌లోని కార్డు అప్పటికే చెరిపేసి వేరే ఊళ్ళో తప్పెటగుళ్ళ ఆట రికార్డు చెయ్యడానికి వాడేశాను. ఆ పాట ఇప్పుడు ఎక్కడా లేదు.

అందుకే ఈసారి రెండో డిస్క్ కొన్నాక తొందరపడి ఒక్క పాట కూడా అందులో పెట్టలేదు. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర షాపులో రెండు టెరాబైట్లది (టీబీ) తీసుకున్నాను. తగిలిస్తే 1.81 అని చూపించింది. ఇది మోసమేమీ కాదు. తయారుచేసేవాళ్ళు వెయ్యి చొప్పున లెక్కేస్తారు, విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది, అంతే తేడా. పెట్టెలోంచి తీసిన కొత్త డిస్క్ మంచిదేనని నమ్మడానికి మాత్రం నాకు మనసొప్పలేదు. మొదటి వారాల్లోనే పోయే డిస్కులు ఉంటాయి. ఆ పోయేదేదో ఖాళీగా ఉన్నప్పుడే పోతే వెనక్కిచ్చి మార్చుకోవచ్చు.

ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాంలో చూశాను. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు అందులో కనిపిస్తాయి. పాడై పక్కన పెట్టేసిన సెక్టార్లు (డిస్క్ మీది చిన్న చిన్న గళ్ళు), చదవలేక అనుమానంలో పెట్టినవి, అసలు దిద్దుకోలేనివి, ఈ మూడు వరసలూ సున్నా ఉండాలి. ఉన్నాయి. తర్వాత హెచ్‌టూటెస్ట్‌డబ్ల్యూ అని జర్మనీ కంప్యూటర్ పత్రిక ఒకటి అందించిన చిన్న ప్రోగ్రాం ఉంది, దాన్ని నడిపించాను. అది ఖాళీ డిస్క్‌ని ఒక్కో జీబీ ఫైళ్ళతో అంచుదాకా నింపి, రాసినదంతా మళ్ళీ చదివి సరిచూస్తుంది. మొదట ముందువైపు పోర్టుకి తగిలిస్తే సెకనుకి 35 ఎంబీ మించలేదు. అది పాత యూఎస్‌బీ. వెనకవైపు నీలం రంగు పోర్టుకి మారిస్తే 110 దాటింది. ఉదయం ఆరింటికి పెట్టి బడికి వెళ్ళిపోయాను, రాత్రి ఏడున్నరకి తప్పులేమీ లేవని వచ్చింది. మూడు వరసలూ మళ్ళీ చూశాను. అప్పటికీ సున్నాలే.

అప్పుడు పాటలు. నా రికార్డింగులు, తప్పెటగుళ్ళ వీడియోలు, ఊరి ఫోటోలు అన్నీ కలిపి సుమారు 700 జీబీ. ఫ్రీఫైల్‌సింక్ అనే కాపీ ప్రోగ్రాంతో ఎక్కించాను. అందులో మిర్రర్ అనే పద్ధతి ఉంది, దాని జోలికి పోలేదు. ఇక్కడ పొరపాటున ఏదైనా చెరిపితే ఆ డిస్క్‌లో కూడా చెరిపేస్తుంది. అప్‌డేట్ పెట్టుకున్నాను. కొత్తవి, మారినవి మాత్రమే వెళ్తాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది దీని తర్వాతి పని. పోలికలో సైజు మాత్రమే చూస్తే మా మామ్మ పదిహేడో పాట బాగానే ఉన్నట్టు తేలేది. అందుకే లోపలి సరుకు మొత్తం పోల్చే పద్ధతి ఎంచుకున్నాను. దానికి గంటలు పడుతుంది, పట్టనివ్వాలి. అయితే కాపీ అయిన వెంటనే పోల్చకూడదు. ఇప్పుడే రాసినదాన్ని కంప్యూటర్ తన మెమరీలోంచే చూపించే వీలుంది, డిస్క్ మీద నిజంగా ఏముందో తెలియదు. డిస్క్‌ని పద్ధతిగా ఎజెక్ట్ చేసి, తీగ పీకి, మళ్ళీ తగిలించి అప్పుడు పోల్చాను. ఒక్క తేడా కూడా రాలేదు.

ఇక దాన్ని ఎక్కడ ఉంచాలన్నది. రెండు డిస్కులూ ఒకే బీరువాలో ఉంటే నా దృష్టిలో అది ఒక్క డిస్కే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో మా బంధువుల ఇంటికి వెళ్ళాను. కప్పు లేచిపోయి, పెట్టెలో దాచిన భూమి కాగితాలు, వాటి జెరాక్సులు రెండూ కలిసి ముద్దయిపోయాయి. అసలు, నకలు ఒకే పెట్టెలో ఉన్నాయి మరి. అది చూశాక నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

విజయనగరంలో గంటస్తంభానికి దగ్గర్లో మా తమ్ముడి ఇల్లు. అక్కడి పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి ఎలాగూ ప్రతి ఏడూ వెళ్తాను. ఈసారి తొలేళ్ళ రోజు, అంటే సిరిమానుకి ముందురోజు ఉదయం డిస్క్‌ని నూలు తువ్వాలులో చుట్టి, స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కాను. దారంతా ఒళ్ళోనే ఉంచుకున్నాను.

భోజనాలయ్యాక తమ్ముడి లాప్‌టాప్‌కి తగిలించాం. నా కంప్యూటర్‌లో తెరుచుకుంటే చాలదు, నా కంప్యూటర్ లేని రోజున తెరుచుకోవాలి. మామ్మ ఫోల్డర్‌ని పూర్తిగా లాప్‌టాప్‌లోకి దించుకుని, ఇరవై రెండు పాటల్లో ప్రతిదానికీ చివరి నిమిషం విన్నాం. "మొదలు వినవా అక్కా?" అన్నాడు వాడు. మొదలు ఎప్పుడూ బాగానే ఉంటుందిరా అన్నాను. మా మరదలు గిన్నెలు సర్దుతూ మధ్యలో ఆగి వచ్చి కూర్చుంది. పద్దెనిమిదో పాట చివర కోడి కూత ఉంది, ఆ వెంటనే మామ్మ దగ్గి, "ఎక్కీసినాదేటమ్మీ?" అంది.

డబ్బా మీద తేదీ రాసి బీరువా పై అరలో పెట్టించాను. పదిహేడో పాటని చెరిపెయ్యలేదు, ఆ నలభై సెకన్లూ కూడా అందులోనే ఉన్నాయి. రథసప్తమికి తమ్ముడు అరసవిల్లి దర్శనానికి వస్తాడు. వచ్చేటప్పుడు ఆ డబ్బా తెస్తాడు, మా ఇంట్లో ఉన్నదాన్ని కొత్త రికార్డింగులతో నింపి, పోల్చి, వాడికిచ్చి పంపిస్తాను.